పట్టా భూమిలో ఎర్రచందనం: ఎగుమతికి ముందు ఏ కాగితం?

ప్రశ్న: మాది రాజంపేట దగ్గర పల్లె. మా నాన్న 2001లో రెండెకరాల పట్టా భూమిలో ఎర్రచందనం నాటాడు, ఇప్పుడు మూడొందల చెట్ల దాకా ఉన్నాయి. చెన్నై నుంచి ఒకాయన వచ్చి, రెండు లక్షలు అడ్వాన్స్ ఇస్తే ఢిల్లీ నుంచి ఎగుమతి పర్మిషన్ తనే తెప్పిస్తానని, సరుకు నేరుగా చైనాకు పంపొచ్చని చెబుతున్నాడు. "మీ భూమి, మీ చెట్టు, భయమెందుకు" అంటున్నాడు. నమ్మొచ్చా అండీ?
– ఒక రైతు

జవాబు: డబ్బు మాత్రం ఇవ్వకండి, ఈ మాట ముందే చెప్పేస్తున్నా. భూమి మీదే, చెట్టూ మీదే. కానీ ఎర్రచందనం దగ్గరికొచ్చేసరికి సొంత చెట్టు నరకడానికీ అటవీ శాఖ అనుమతి కావాలి, నరికిన దుంగను అక్కణ్ణుంచి కదిలించడానికి రవాణా పర్మిట్ కావాలి, దేశం దాటించడానికి ఇంకో రెండు అనుమతులు కావాలి. మొదటి కాగితం ఊసే ఎత్తకుండా చివరిది తెప్పిస్తానంటున్నాడంటే నాకు నిజంగా భయమేస్తోంది, ఎందుకంటే అడవిలో కొట్టిన దుంగల్ని రైతు కాగితాల చాటున దాటించాలని చూసేవాళ్లు ఉంటారు, పట్టుబడితే కేసు మీ పేరు మీద పడుతుంది.

ఇంత కట్టడి ఎందుకంటే, ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, నల్లమల వైపే. అందుకే 1995లో దీన్ని సైటిస్ అనే వన్యజాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో, అంటే అనుమతితోనే వ్యాపారం చేయదగినవాటి జాబితాలో చేర్చారు. 2004 నుంచి మన ఎగుమతుల మీద ఆ ఒప్పందం కింద ప్రత్యేక సమీక్ష కూడా నడిచింది, దాన్ని 2023 నవంబరులో ఎత్తేశారు. ఈలోగా 2019 ఫిబ్రవరిలోనే డీజీఎఫ్‌టీ, అంటే కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం, పట్టా భూముల్లో పెంచిన చెట్ల కలపకు దారి తెరిచింది. అడవి చెట్టుకు ఆ దారి లేదు. మీ ఫైలంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ దుంగ మీ నాన్న నాటిన చెట్టుదేనని చూపించగలరా?

అందుకని ఇంట్లో పెట్టెలన్నీ వెతకండి. 2001లో మొక్కలు కొన్న నర్సరీ రసీదు దొరికితే అది బంగారమే అనుకోండి. పాసుపుస్తకం, 1-బి, అడంగల్ (భూమి, పంట రికార్డులు) తీసి, అడంగల్‌లో ఆ సర్వే నంబరు ఎదురుగా ఎర్రచందనం అని రాసి ఉందో లేదో చూడండి, లేకపోతే ముందు అది సరిచేయించుకోండి. పోయినేడాది ఒకాయన తన ఫైలు తెచ్చి నాకు చూపించాడు. దరఖాస్తులో సర్వే నంబరు 214/2 అని ఉంది, అడంగల్‌లో 214/2ఏ అని ఉంది. ఆ ఒక్క అక్షరానికి ఫైలు వెనక్కొచ్చింది, ఆయన కళ్లల్లో నీళ్లు.

తర్వాత డీఎఫ్‌ఓ (అటవీ అధికారి) ఆఫీసులో నరకడానికి దరఖాస్తు పెట్టండి. వాళ్లొచ్చి చెట్లు లెక్కపెట్టి, చుట్టుకొలత రాసుకుని, అనుమతి ఇచ్చాకే గొడ్డలి పట్టాలి. ఎగుమతి మీ పేరు మీదే చేయాలనుకుంటే ఐఈసీ కోడ్, అంటే ఎగుమతి-దిగుమతిదారు నంబరు తీసుకోవాలి. డీజీఎఫ్‌టీ సైట్‌లో మీరే అప్లై చేసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలే, అయితే ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు వివరాలు ఒకసారి ధృవీకరించాలి. ఆ తర్వాతే డీజీఎఫ్‌టీ ఎగుమతి అనుమతి, దానితో పాటు సైటిస్ పర్మిట్. సైటిస్ ఎగుమతి పర్మిట్ గడువు ఆరు నెలలే కాబట్టి కొనేవాడు ఖాయం కాకముందే తీసుకుంటే వృథా అవుతుంది.

ఇంకో మాట, మీరు అడగకపోయినా చెప్పాలి. విదేశాల్లో ధర పలికేది చేవకే, అంటే లోపలి గట్టి చెక్కకే. మీ చెట్టుకు పాతికేళ్లొచ్చినా బెరడు, పైన తెల్ల చెక్క తీసేశాక లోపల ఎర్రటి చేవ ముంజేతి లావు కూడా ఉండకపోవచ్చు. అనుమతి తీసుకుని ముందు ఒక్క చెట్టు కోయించి, చెట్టు మొదలు దగ్గర అడ్డకోత చూసుకోండి. చేవ సన్నగా ఉంటే మిగతావి ఇంకో పదేళ్లు వదిలేయడమే నా సలహా.

ప్రశ్న: హైదరాబాద్‌లో పక్షుల షాపు పెట్టి, విదేశాల నుంచి మకావ్‌లు తెప్పించి అమ్మాలనుకుంటున్నాను. ఇన్‌స్టాలో అందరూ అమ్ముతున్నారు కదా, లైసెన్స్ టెన్షన్ ఎంత?
– ఒక పాఠకుడు

జవాబు: వాళ్లు అమ్ముతున్నారని మీరు దిగకండి. ప్రాణమున్న విదేశీ పక్షిని తెప్పించాలంటే డీజీఎఫ్‌టీ లైసెన్స్, సైటిస్ కాగితాలు, క్వారంటైన్ తప్పవు. నీలం-పసుపు మకావ్ రెండో అనుబంధంలో ఉంది. ఆఫ్రికన్ గ్రే చిలుకను మాత్రం 2017లో మొదటి అనుబంధానికి, అంటే వ్యాపారం దాదాపు నిషిద్ధమైనవాటి జాబితాకు మార్చారు కాబట్టి దాని వ్యాపారం జోలికి వెళ్లొద్దు. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2024 నియమాల ప్రకారం ఇలాంటి పక్షి చేతికొచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కొనేవాడికి ఇచ్చినప్పుడు, పక్షి చనిపోయినప్పుడు, మీ పంజరంలో గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చినప్పుడు కూడా ఆ సంగతి అందులో ఎక్కించాలి.