టీవీ పైకెక్కితే మెడ పట్టేస్తుంది

ప్రశ్న: నా వయసు 61. రిటైర్డ్ టీచర్‌ని. మాది తిరుపతి బైరాగిపట్టెడ. మా అబ్బాయి 65 అంగుళాల టీవీ కొని హాల్లో గోడకు బిగించాడు. దాని కింది అంచే నేల నుంచి ఐదడుగుల ఎత్తులో ఉంది. బ్రహ్మోత్సవాలప్పుడు ఉదయం, రాత్రి వాహన సేవలన్నీ అందులోనే చూశాను. అప్పటి నుంచి మెడ వెనక పట్టేసింది, కళ్లు మండుతున్నాయి. ఎక్స్‌రే తీసి ‘అరుగుదల’ అన్నారు. పక్కింటావిడ కాలర్ పెట్టుకోమంటోంది. వేలాడే వైర్లను మూడేళ్ల మనవడు లాగుతున్నాడని, స్టాండు మార్చి వైర్లు గోడలో దాచేస్తానంటున్నాడు అబ్బాయి. ఎలాంటి స్టాండు మంచిది? నా నొప్పికి టీవీయే కారణమా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చాలావరకు టీవీయేనమ్మా. 65 అంగుళాల టీవీ నిలువు సుమారు 32 అంగుళాలు. అంటే మీ తెర మధ్యభాగం 76 అంగుళాల దగ్గరుంది. సోఫాలో కూర్చున్నవాళ్ల కంటి ఎత్తేమో 40 నుంచి 44 అంగుళాలే. ఎనిమిదడుగుల దూరం నుంచి చూసినా చూపు దాదాపు 20 డిగ్రీలు పైకెత్తాలి. తల అలా వెనక్కి వాల్చి ఉంచితే మెడ వెనక చిన్న కీళ్ల మీద ఒత్తిడి పడుతుంది, పుర్రె అడుగు కండరాలు బిగుసుకుపోతాయి. గరుడ సేవ మొదలైతే ఎవరు మాత్రం మధ్యలో లేస్తారు! పైకి చూసేటప్పుడు రెప్పలు ఎక్కువ తెరుచుకుని కన్నీటి పొర త్వరగా ఆరిపోతుంది. కళ్ల మంటకు అదో కారణం, ఫ్యాను గాలి తగిలితే మరీను.

ఎక్స్‌రే చూసి దిగులు పడకండి. మీ వయసులో నొప్పి లేనివాళ్లకూ అరుగుదల కనిపిస్తుంది. కాలర్ వద్దు, రోజుల తరబడి పెట్టుకుంటే మెడ కండరాలు బలం కోల్పోతాయి. మెడ ‘విరిచి’ పట్టు వదిలిస్తామనే వాళ్ల దగ్గరికి అసలే వెళ్లకండి, మెదడుకు వెళ్లే రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది. పూటకు పావుగంట వేడి కాపడం, గడ్డాన్ని మెల్లగా వెనక్కి నొక్కే వ్యాయామం చాలు. బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉంటే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

ఇక స్టాండు. చాలా ఇళ్లలో టీవీ అంత పైకెక్కడానికి కారణం ప్లగ్ పాయింటు. ఇల్లు కట్టేటప్పుడు పాయింటు ఎక్కడో పైన పెడతారు, దాన్ని కప్పడానికి టీవీని అక్కడికే ఎక్కిస్తారు. టీవీని పాయింటు దగ్గరికి కాదు, పాయింటునే టీవీ దగ్గరికి తీసుకురమ్మనండి. మీరు రోజూ కూర్చునే చోట కూర్చోండి, అబ్బాయిని మీ కంటి ఎత్తుకు గోడ మీద పెన్సిల్‌తో గీత గీయమనండి. తెర మధ్యభాగం ఆ గీత మీదకు రావాలి. అలాగైతే కింది అంచు 26 అంగుళాల దగ్గరకొస్తుంది.

ఆ ఎత్తులో గోడకు ఆనుకునే మామూలు ఫిక్స్‌డ్ స్టాండే చాలు. కింద షోకేసు అడ్డొచ్చి కాస్త పైకి జరపక తప్పకపోతే, తెర కిందికి వంగే టిల్ట్ రకం తీసుకోండి. అయితే అది తెర మెరుపునే తగ్గిస్తుంది, ఎత్తును తగ్గించదు. ముందుకు లాగే చేతుల రకం చిన్నపిల్లలున్న ఇంట్లో నాకు నచ్చదు. గోడ మీద లాగుడు పెరుగుతుంది, పిల్లాడు పట్టుకుని వేలాడినా వేలాడతాడు. టీవీ వెనక స్టాండు బిగించే రంధ్రాల (వీటినే ‘వెసా’ అంటారు) మధ్య దూరం, స్టాండు మోయగల బరువు రెండూ చూసి కొనండి. గోడ ఇటుకదా, హాలో బ్లాకుదా అన్నది బిగించేవాడికి ముందే చెప్పండి, యాంకర్ బోల్టులు వేరుగా ఉంటాయి. ఒట్టి ప్లైవుడ్ ప్యానెల్‌కు బిగించనివ్వొద్దు.

టీవీ కరెంటు వైరును మాత్రం గోడలో పూడ్చకండి. ఎలక్ట్రీషియన్ చేత టీవీ వెనక కొత్త పాయింటు పెట్టించండి. హెచ్‌డీఎంఐ (టీవీకి బొమ్మ, శబ్దం తెచ్చే వైరు), డిష్ వైర్లకు వేరే పైపు వేయించండి, హెచ్‌డీఎంఐ వైరు తల దూరేంత వెడల్పుండాలి. గోడ పగలగొట్టడం ఇష్టం లేకపోతే పైన అంటించే ప్లాస్టిక్ కేసింగ్ సరిపోతుంది. ఏదైనా సరే, ఒక్క వైరు కూడా పిల్లాడి చేతికి అందకూడదు. లాగితే మీద పడే వస్తువులతో పాటు, మెడకు చుట్టుకునే వైర్లంటే కూడా మాకు భయం.

టీవీ దించాక మూడు నాలుగు వారాల్లో నొప్పి తగ్గకపోతే మీ ఊళ్లోని స్విమ్స్ ఆసుపత్రిలోనో రుయా ఆసుపత్రిలోనో చూపించుకోండి. చేయి తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం, నడకలో తూలడం, జ్వరం ఉంటే అన్నాళ్లు ఆగొద్దు. మెడనొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు వస్తే అది గుండెకు సంబంధించింది కావొచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.