మాల వేసుకుంటే మనిషి మారతాడా? మిర్చి యార్డు గుమస్తాగా నా అనుభవం

మీరు అడిగింది ఇది: ప్రైవేటు ఉద్యోగం చేస్తూ అయ్యప్ప దీక్ష కుదురుతుందా? మాల తీయగానే అందరూ మళ్ళీ మామూలే కదా, మరి ఆ 41 రోజుల వల్ల ఉపయోగం ఏమిటి?

ముందు రెండో దానికి చెప్తాను. మీరన్నది నిజమే. చాలామంది మాల తీసిన రాత్రే మామూలైపోతారు. ఆ రాత్రి మందుకు ఎక్కడ కూర్చోవాలో శబరి ఎక్స్‌ప్రెస్‌లో తిరిగొస్తూనే ప్లాన్ వేసుకునేవాళ్ళు నాకు తెలుసు. నేను మాల వేసుకున్నది కూడా భక్తి పొంగి కాదు. పక్క కొట్టులో పనిచేసే స్నేహితుడు తోడు రమ్మన్నాడు, సరేనన్నాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాను. రైతు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దింపించాలి, కొనేవాళ్ళకు కాయ చూపించాలి, కాటా దగ్గర తూకం రాసుకోవాలి, చివరికి రైతుకు లెక్క చెప్పాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో మాకు కాస్త ఊపిరి ఆడుతుంది. అప్పుడు వచ్చేది ఎక్కువగా ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీలో దాచిన పాత కాయ. సంక్రాంతి దాటి కొత్త కాయ పోటెత్తిందంటే తిండికి కూడా టైం ఉండదు. ఈ 41 రోజుల మండల దీక్ష ఆ ముందు నెలల్లోనే పడుతుంది కాబట్టి యార్డులో యజమానుల నుంచి హమాలీల దాకా నల్లబట్టలు చాలానే కనిపిస్తాయి.

చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం తొందరగానే అలవాటయ్యాయి. చెప్పుల్లేకుండా యార్డులో తిరగడం మాత్రం చివరిదాకా అలవాటు కాలేదు. మడమ పగుళ్ళలో మిరప పొడి దూరితే ఉండే మంట పడినవాళ్ళకే తెలుసు. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాణ్ణి.

మా గురుస్వామి ఒక హమాలీ. ఈ దీక్షలో పెద్దరికం వయసును బట్టి రాదు, డబ్బును బట్టి అసలే రాదు. ఎన్నిసార్లు కొండకు వెళ్ళారన్నదే లెక్క. పద్దెనిమిదో ఏడు కొబ్బరి మొక్క తీసుకెళ్ళి అక్కడ నాటుతారు, ఆయన అది ఎప్పుడో దాటేశాడు. పగలు కాటా దగ్గర నేను ఆయనకు పని చెప్పాలి, సాయంత్రం పూజలో ఆయన కాళ్ళకు దండం పెట్టాలి. మొదట్లో ఇద్దరికీ ఇబ్బందిగానే ఉండేది. పొద్దున ‘స్వామీ, ఆ లాటు ఇటు వేయించండి’ అని నేనంటే పక్కనున్న హమాలీలు నవ్వేవారు.

ఆయన పెట్టిన ఒక నియమం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. దీక్ష అంటే చాలా ఇళ్ళలో జరిగేది ఇదే: స్వామి నాలుగింటికి లేస్తాడు, ఆయన కోసం ఇల్లాలు మూడింటికే లేస్తుంది. చాప మీద పడుకున్నందుకు పేరు ఆయనది. విడిగా వండి, గిన్నెలు తోమి, ఆ నల్లపంచెలు ఉతికినందుకు నడుం నొప్పి ఆమెది. మా గురుస్వామి దీన్ని ఒప్పుకునేవాడు కాదు. ఎవరి బట్టలు వాళ్ళే ఉతుక్కోవాలి. పూజా పీఠం పెట్టిన చోటే వంతుల వారీగా భిక్ష, అంటే స్వాముల భోజనం, వండాలి, తిన్న చోటు తుడవాలి. కొట్టు యజమాని అయినా సరే, వంతు వస్తే కూరగాయలు తరగాల్సిందే. పులిహోర కలపడం నేను అక్కడే నేర్చుకున్నాను. ఇప్పటికీ మా ఇంట్లో ఆదివారం వంట నాదే. మాల తీశాక నాలో మిగిలినవాటిలో మా ఆవిడ లెక్కపెట్టేది ఇదొక్కటే.

పనిలో మిగిలింది ఇంకొకటి ఉంది. ఒకరోజు దాచేపల్లి వైపు రైతు ఒకాయన డబ్బుల కోసం వచ్చాడు. ఇలాంటప్పుడు మామూలుగా మా నోట వచ్చే జవాబు ‘రేపు రండి’. అది అబద్ధమని ఎవరూ అనుకోరు, యార్డు మర్యాద అనుకుంటారు. మెడలో మాల పెట్టుకుని ఆ మాట అనలేకపోయాను. ‘శుక్రవారం దాకా డబ్బులు రావండీ, బస్సు ఛార్జీలు దండగ చేసుకోకండి, రాగానే నేనే ఫోన్ చేస్తాను’ అన్నాను. కోప్పడతాడనుకున్నాను, కోప్పడ్డాడు కూడా. నన్నడక్కుండా రోజు ఎందుకు చెప్పావని మా యజమానీ గొణిగాడు. కానీ రోజు చెప్పేశాం కాబట్టి ఆ శుక్రవారానికి డబ్బు సర్దక తప్పలేదు. అప్పటినుంచి రైతులకు తేదీ చెప్పే పంపిస్తున్నాను. ఇది భక్తి మహిమ అని నేను అనను. ఎవరికి ఏ ‘రేపు’ చెప్పామో గుర్తుపెట్టుకునే టెన్షన్ తగ్గింది, అంతే.

మిగలనివీ చెప్పాలి కదా. తెల్లవారుజామున లేవడం వారం కూడా నిలవలేదు. సీజన్ రాగానే కోపం మళ్ళీ వచ్చేసింది. మాల ఉన్నన్నాళ్ళు ఎదుటివాడు మన మెడ చూసి మాట్లాడతాడు, మనమూ తగ్గుతాం. అది తీశాక ఆ కాపలా ఉండదు.

దైవం సంగతి అంటారా, పంపలో మునిగి, ఇరుముడి నెత్తిన పెట్టుకుని నీలిమల ఎక్కుతుంటే మేమందరం రొప్పుతున్నాం. రోజూ టిక్కీలు మోసే గురుస్వామి మాత్రం ముందు వెళ్ళి, మలుపు దగ్గర మాకోసం ఆగేవాడు. పద్దెనిమిది మెట్లు ఎక్కాక దర్శనం కొన్ని క్షణాలే. కోరుకుందామని వెళ్ళినవి ఒక్కటీ గుర్తురాలేదు. అంతకుముందు ఎరుమేలిలో అయ్యప్ప స్నేహితుడు వావరు పేరున ఉన్న మసీదుకు వెళ్ళి మొక్కుకున్నాం. మా కొట్టులో కాటా వేసే సాయిబు గారు తన పేరున అక్కడ వేయమని పదకొండు రూపాయలు ఇచ్చి పంపారు, వేశాను. నమ్మకం పెరిగిందా అంటే చెప్పలేను. మళ్ళీ వెళ్ళాలనిపించింది, వెళ్తున్నాను.

ఇక ఉద్యోగం మాట. కుదురుతుంది. సెలవు మాత్రం ముందే అడగండి, దర్శనానికి వర్చువల్ క్యూ బుకింగ్ దొరికిన తేదీని బట్టి ప్రయాణం పెట్టుకోండి. ఫ్యాక్టరీలోనో కరెంటు పనిలోనో ఉంటే బూట్లు విప్పకండి, గురుస్వామికి ముందే చెప్పండి. షుగర్ ఉంటే ఒంటిపూట భోజనం గురించి డాక్టర్‌ను అడిగాకే మాల వేసుకోండి. ఆ 41 రోజులు వంట ఎవరు చేస్తారో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.