టెక్ సందేహాలు: పాత సైటుకు కొత్త రంగు వేసేముందు

ప్రశ్న: మా హైస్కూలు పూర్వ విద్యార్థుల సైటును 2012లో డ్రూపల్ 7తో (వర్డ్‌ప్రెస్ లాగే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) కట్టుకున్నాం. జ్ఞాపకాలు, ఫొటోలు, చర్చలు కలిపి వేలల్లో పోస్టులున్నాయి. రెండేళ్ల క్రితం హోస్టింగ్ మార్చినప్పటి నుంచి పాత పోస్టుల్లో తెలుగు పోయి పిచ్చి గీతలు కనిపిస్తున్నాయి. ఆ తర్వాత రాసినవి బాగానే ఉన్నాయి. కమిటీవాళ్లేమో ‘లుక్ పాతబడింది, వర్డ్‌ప్రెస్‌లో కొత్త థీమ్ వేసేద్దాం’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: కప్పు కారుతుంటే ముందు గోడలకు సున్నం వేయం కదండీ. థీమ్ సంగతి చివర్లో చూసుకుందాం.

డ్రూపల్ 7కు సపోర్ట్ 2025 జనవరి 5తో ఆగిపోయింది. ఇప్పుడు ఏ లోపం బయటపడినా డ్రూపల్ బృందం ప్యాచ్, అంటే దాన్ని పూడ్చే సవరణ, ఇవ్వదు. 2014 అక్టోబరు 15న ఇదే డ్రూపల్ 7లో ఒక పెద్ద లోపం బయటపడింది. ప్రకటన వచ్చిన ఏడు గంటల్లో ప్యాచ్ వేసుకోకపోతే మీ సైటు హ్యాకైందనే అనుకోండని సెక్యూరిటీ టీమే చెప్పింది. అప్పుడు ప్యాచ్ అయినా ఉంది.

అందుకే ఈ రోజే బ్యాకప్ తీయండి. డేటాబేస్ ఒక్కటే దించుకుని హమ్మయ్య అనుకునేవాళ్లే ఎక్కువ. ఫొటోలు అందులో ఉండవు, వాటి పేర్లే ఉంటాయి. ఫైల్స్ ఫోల్డర్ కూడా తీసుకోవాలి. ఎవరైనా చేరొచ్చన్న రిజిస్ట్రేషన్‌ను అడ్మిన్ ఒప్పుకుంటేనే అని మార్చండి. ఇన్నేళ్ల సైటులో సభ్యుల కంటే స్పామ్ ఖాతాలే ఎక్కువుంటే ఆశ్చర్యం లేదు.

ఇక తెలుగు. ఆ గీతల్ని దగ్గర నుంచి చూడండి. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, దాని పక్కన డిగ్రీల సున్నా గానీ ప్లస్-మైనస్ గుర్తు గానీ పదే పదే వస్తుంటే మీ అదృష్టం బాగున్నట్టే. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్‌లో దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో తెలుగు అక్షరం గానీ గుణింతపు గుర్తు గానీ ఒక్కోటి మూడు బైట్లు. హోస్టింగ్ మార్చినప్పుడు ఆ మూడింటినీ మూడు లాటిన్ అక్షరాలనుకుని సర్వర్ మళ్లీ యూటీఎఫ్-8 చేసింది. అసలు సరుకు లోపలే ఉంది. గీతల బదులు ఉత్త ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం తెలుగు పోయినట్టే, పాత హోస్టింగ్ నాటి బ్యాకప్ వెతుక్కోవాల్సిందే.

సరిచేయడం ఒక్క క్వెరీ (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం) పని: పోస్టుల పాఠం ఉన్న కాలమ్‌ను లాటిన్-1లోకి (లాటిన్ లిపి అక్షరాలకే చోటున్న పాత పద్ధతి), అక్కడి నుంచి బైనరీలోకి (ఉత్త బైట్లు), తిరిగి యూటీఎఫ్8ఎంబీ4లోకి (డేటాబేస్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు ఇదే) మార్చాలి. ఇక్కడే చాలామంది చేయి కాల్చుకుంటారు. ఈ క్వెరీని మొత్తం టేబుల్ మీద నడిపితే, బాగున్న కొత్త పోస్టులు లాటిన్-1లో ఇమడక ప్రశ్నార్థకాలైపోతాయి. హోస్టింగ్ మార్చిన నాటికి ఉన్న చివరి పోస్టు నంబరు చూసుకుని, అంతవరకే నడపండి. పాత పోస్టును ఆ తర్వాత ఎవరైనా ఎడిట్ చేసి సరిచేసుంటే దాన్నీ వదిలేయాలి. డ్రూపల్ పోస్టు పాఠాన్ని రెండు చోట్ల దాస్తుంది: ఫీల్డ్ డేటా బాడీ, ఫీల్డ్ రివిజన్ బాడీ. రెండూ సరిచేయాలి. శీర్షికలు నోడ్ టేబుల్‌లో వేరేగా ఉంటాయి. ఇదంతా లాప్‌టాప్‌లో జాంప్ (XAMPP, లాప్‌టాప్‌నే సర్వర్‌లా వాడుకోనిచ్చే సాఫ్ట్‌వేర్) వేసుకుని కాపీ మీద చేయండి, అసలు సైటు మీద వద్దు.

తర్వాత ఎక్కడికి మారాలి? వర్డ్‌ప్రెస్ మంచిదే గానీ మీ డేటాను దాని పద్ధతిలోకి తిప్పడం పెద్ద పని. డ్రూపల్ కొత్త వెర్షన్లకు వెళ్లినా సైటు కొత్తగా కట్టి, సరుకు అందులోకి తరలించాలి. డబ్బులిచ్చి డెవలపర్‌ను పెట్టుకోలేని సంఘానికి నేనైతే బ్యాక్‌డ్రాప్ అనే సాఫ్ట్‌వేర్ చెబుతాను. డ్రూపల్ 7 నుంచే చీలి 2015లో వచ్చింది. పాత డేటాబేస్‌ను నేరుగా అప్‌గ్రేడ్ చేసుకుంటుంది. మీ చర్చల విభాగానికి మాత్రం మాడ్యూల్ (అదనపు సౌకర్యమిచ్చే చిన్న ప్రోగ్రామ్) విడిగా వేసుకోవాలి. మారేముందు పాత సైటులోని అదనపు మాడ్యూళ్లను డిసేబుల్ చేయాలని బ్యాక్‌డ్రాప్ వాళ్లు చెబుతారు. పొరపాటున అన్‌ఇన్‌స్టాల్ నొక్కారో, వాటి డేటా కూడా తుడిచిపెట్టుకుపోతుంది. పోస్టుల నంబర్లు మారవు కాబట్టి పాత లింకులు పనిచేస్తాయి.

అప్పుడు వేయండి థీమ్, ఫోన్‌లో చక్కగా కనిపించేది. జనం సంగతంటారా, అందరూ మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోనే ఉండుంటారు. వారానికొక పాత పోస్టు లింకు అక్కడ పడేయండి. తొమ్మిదో తరగతి గ్రూప్ ఫొటో అయితే, చెప్పులు లేకుండా నిలబడ్డదెవరో తేల్చడానికైనా లాగిన్ అవుతారు.

ప్రశ్న: మా కాలనీ సంఘం సైటులో తెలుగు బాగానే సేవ్ అవుతోంది. దండం ఎమోజీ పెడితే మాత్రం ఎర్రర్. ఎందుకు?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: చాలా సైట్లు వాడే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పాతకాలం నుంచి ఉన్నది ఒక్కో అక్షరానికి మూడు బైట్లే ఇస్తుంది. తెలుగుకు అవి చాలు. ఎమోజీకి నాలుగు కావాలి. టేబుళ్లను యూటీఎఫ్8ఎంబీ4కు మార్పించండి. సర్వర్ మరీ పాతదైతే ‘కీ టూ లాంగ్’ అని మొరాయించవచ్చు. అలాంటి సర్వర్లలో ఇండెక్స్ (డేటాను త్వరగా వెతికిపెట్టే సూచిక) పరిమితి 767 బైట్లు. 255 అక్షరాల ఇండెక్స్‌ను 191కి తగ్గిస్తే సరిపోతుంది.