ఆ మలుపు దగ్గర ఏం జరిగిందో రాయి

తమ్ముడూ,

కొండ పరుగు మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మూడు పేజీల్లో రెండు పేజీలు చెమట, ఆయాసం, పిక్కల నొప్పి. కొండెక్కితే ఆయాసం వస్తుందని విశాఖలో ఎవరికి తెలీదు చెప్పు? సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచే మా పిన్ని నీకంటే బాగా చెబుతుంది ఆ సంగతి.

నాకు నచ్చింది ఒక్క వాక్యం. 'ఈ మలుపుతో ఎత్తు అయిపోతుందనుకున్నాను' అన్నావు, అని మళ్లీ పిక్కల మీదకు వెళ్లిపోయావు. అసలు వ్యాసం అక్కడుందిరా.

నేను కైలాసగిరి ఘాట్ రోడ్డు మీద పరిగెత్తడం మొదలుపెట్టిన కొత్తలో, కింద నుంచి కనిపించిన ఒక మలుపే ఆఖరిదని నాకు నేనే తీర్మానించుకుని, ఉన్న ఓపికంతా అక్కడికి ఖర్చుపెట్టేశాను. మలుపు తిరిగి చూస్తే ఎదురుగా ఇంకో ఎత్తు. కాళ్లు కదిలితే ఒట్టు. కట్టెల మోపుతో దిగుతున్న ముసలమ్మ 'ఏటి బాబూ, అప్పుడే ఆగిపోనావు' అని నవ్వింది. వారం తర్వాత అదే రోడ్డు, అదే నేను. మలుపు వెనక ఇంకోటి ఉందని తెలుసు కాబట్టి ముందు నుంచే అడుగులు చిన్నవి చేశాను, ఆగలేదు. వారంలో నా ఊపిరితిత్తులేం పెరగలేదుగా, మారింది నా అంచనా.

2005లో అచ్చయిన ఒక పరిశోధనలో కొందరిని పది నిమిషాలేనని ట్రెడ్‌మిల్ ఎక్కించి, తీరా పదో నిమిషంలో ఇంకో పది ఉందన్నారు. వేగం మార్చలేదు, అయినా ఎంత కష్టంగా ఉందని అడిగితే వాళ్లు చెప్పే అంకె అక్కడికక్కడే పెరిగింది. 1990ల్లో డెనిస్ ప్రాఫిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం అమెరికాలో కొండ వాలు ఎంతుందని అడిగితే, 5 డిగ్రీల వాలును జనం 20 డిగ్రీల దాకా చెప్పారు. వీపున బరువున్నవాళ్లకు అది ఇంకా నిటారుగా కనిపించిందట. ఆ బరువు ఎందుకు మోయించారో పసిగట్టి అలా చెప్పి ఉంటారని తర్వాత వేరేవాళ్లు పేచీ పెట్టారు. (ఆ పేచీ నాకు ఇంకా ఇష్టం, అదీ ఒక రకం అంచనాయే కదా.)

అలాగని 'అంతా మనసులోనే ఉంది' అని మాత్రం రాయకు, చిరాకొస్తుంది. ఎత్తు ఎత్తే. ఎక్కడానికి ఒళ్లు పెట్టిన ఖర్చు దిగేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు, పైగా దిగుడులో తొడలు పట్టేస్తాయి.

ఈసారి పరుగుకి ముందురోజు రాత్రే కాగితం మీద పెట్టు: ఎక్కడ కష్టపడతాననుకుంటున్నావు, ఎంత టైమ్ పడుతుందనుకుంటున్నావు, దేనికి టెన్షన్ పడుతున్నావు. పరుగయ్యాక దాన్ని దిద్దకు. దిద్దాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. పక్కనే జరిగింది రాయి. మలుపు దగ్గర ఆగినప్పుడు నిన్ను ఎవరు దాటి వెళ్లారో, వాళ్ల వంక చూశావో లేక షూ లేసు కట్టుకుంటున్నట్టు నటించావో, అది కూడా.

ఆదివారం ఐదున్నరకి అప్పూఘర్ దగ్గరుంటాను. కాగితం తీసుకురా.