టెక్ సందేహాలు: కోడ్ లినక్స్‌కు మారితే పాత ఖాతాలు ఏమవుతాయి?

ప్రశ్న: మాది హోల్‌సేల్ షాపు. స్టాకు, ఉద్దెర ఖాతాల కోసం 1990ల చివర్లో మా నాన్నగారు టర్బో సీలో (విండోస్‌కు ముందటి డాస్ కోసం వచ్చిన సీ భాషా సాధనం) ఓ ప్రోగ్రాం రాయించారు. ఇన్నాళ్లూ 32 బిట్ విండోస్ 10లో నడిచింది. దానికి సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి 64 బిట్ లినక్స్ వేయిస్తున్నాం. సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్ రాసిన అసలు పాఠం) మా దగ్గరే ఉంది. అందులో నడుస్తుందా?
- ఓ వ్యాపారి, బేగంబజార్

జవాబు: సోర్స్ కోడ్ చేతిలో ఉంది కదా, సగం టెన్షన్ తీరినట్టే. చాలా షాపుల్లో రాసిచ్చినాయనే దాన్ని కూడా పట్టుకుపోయి ఉంటాడు.

రాసింది సీలోనే కాబట్టి లినక్స్‌లోని జీసీసీ కంపైలర్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చేది) చదవగలదు. కానీ మొదటి లైన్లలోనే కోనియో.హెచ్ అనే హెడర్ ఫైల్ (రెడీమేడ్ ఫంక్షన్ల జాబితా) దొరకలేదని ఆగిపోతుంది. అది సీ ప్రమాణంలో భాగం కాదు, డాస్ కోసం టర్బో సీ తయారుచేసిన బోర్లాండ్ కంపెనీ తన కంపైలర్‌తో ఇచ్చినది. స్క్రీన్ తుడవడం, కర్సర్ జరపడం లాంటివన్నీ మీ కోడ్‌లో దాని మీదే ఆధారపడి ఉంటాయి. లినక్స్‌లో ఆ పనులకు ఎన్‌కర్సెస్ లైబ్రరీ వాడాలి. పేర్లు మార్చేస్తే చాలనుకుంటే మాత్రం స్క్రీనంతా గజిబిజే. కర్సర్ జరిపే పాత గోటూఎక్స్‌వైలో ముందు నిలువు వరుస ఇస్తాం, లెక్క 1 నుంచి మొదలవుతుంది. ఎన్‌కర్సెస్‌లోని మూవ్‌కు ముందు అడ్డు వరుస ఇవ్వాలి, లెక్క 0 నుంచి. అంటే పాత కోడ్‌లో గోటూఎక్స్‌వై (10, 5) ఉన్నచోట మూవ్ (4, 9) రాయాలి. బిల్లు ప్రింటింగ్‌కు టర్బో సీలోని స్టడ్‌పీఆర్ఎన్ వాడి ఉంటే అదీ ఇక్కడ లేదు. పీఓపెన్ ఫంక్షన్‌తో లినక్స్ ప్రింటింగ్ కమాండ్ ఎల్‌పీకి పంపించుకోవాలి.

ఇవన్నీ కంపైలర్ ఎర్రర్‌లోనో, స్క్రీన్ మీదో కనిపించే తప్పులు, కాబట్టి భయం లేదు. అసలు చిక్కు కంపైలర్ చెప్పని చోట ఉంది: మీ పాత డేటా ఫైల్లో. ఇలాంటి ప్రోగ్రాంలు ఒక్కో ఖాతాను స్ట్రక్చర్‌గా (కొన్ని వివరాల కట్ట) కట్టి నేరుగా డిస్క్‌లో రాసేస్తాయి. ఖాతా నంబరు ఇంట్, పేరుకు 30 అక్షరాలు, బాకీ లాంగ్ (ఇంట్, లాంగ్ అంకెలు దాచే రకాలు) అనుకుందాం. టర్బో సీలో ఇంట్ 2 బైట్లు, లాంగ్ 4 బైట్లు. మొత్తం రికార్డు 36 బైట్లు. అదే స్ట్రక్చర్‌ను 64 బిట్ లినక్స్‌లో కంపైల్ చేస్తే ఇంట్ 4, లాంగ్ 8, మధ్యలో సర్దుబాటుకు కంపైలర్ వదిలే ఖాళీ 6. రికార్డు 48 బైట్లవుతుంది. ప్రోగ్రాం చక్కగా తెరుచుకుంటుంది, కానీ మొదటి ఖాతాలోనే పేరు ముందు రెండక్షరాలు ఎగిరిపోతాయి, బాకీ ఏదో పిచ్చి అంకె చూపిస్తుంది. అప్పుడు పొరపాటున సేవ్ నొక్కారంటే ఉన్న ఫైల్ కూడా పోయినట్టే.

అందుకే ఆ స్ట్రక్చర్‌లో ఇంట్, లాంగ్ తీసేసి స్టడ్‌ఇంట్.హెచ్‌లోని 16 బిట్, 32 బిట్ రకాలు పెట్టించండి. ఖాళీలు వదలకుండా ప్యాక్డ్ అని కూడా రాయించండి. సైజ్‌ఆఫ్‌తో రికార్డు సైజు ప్రింట్ చేస్తే 36 రావాలి. అది వచ్చేదాకా అసలు డేటా మీద చెయ్యి వేయొద్దు, కాపీ మీదే పని జరగాలి.

నన్నడిగితే, ముందు పాత ఈఎక్స్ఈనే (నడిచే ప్రోగ్రాం ఫైల్) లినక్స్‌లో డాస్ ప్రోగ్రాంలు నడిపే డాస్‌బాక్స్-ఎక్స్ మీద నడిపించుకోండి. ప్రింటర్ సంగతి కూడా అది చూసుకుంటుంది. పోర్టింగ్ (కోడ్‌ను లినక్స్‌కు మార్చడం) తీరిగ్గా చేయించుకోవచ్చు. దీపావళి గిరాకీలో ఈ పని పెట్టుకోకండి. మార్చి నెలాఖరుకు రెండు ప్రోగ్రాంల్లోనూ బాకీల మొత్తం పైసాతో సహా కలిస్తే, ఏప్రిల్ 1 నుంచి కొత్తదానికి మారండి.

ప్రశ్న: నా బీటెక్ ప్రాజెక్ట్ విండోస్ ల్యాప్‌టాప్‌లో బాగా నడుస్తోంది. కాలేజీ ల్యాబ్‌లోని ఉబుంటు లినక్స్‌లో మాత్రం హెడర్ ఫైల్ లేదంటోంది. ఫైల్ అక్కడే ఉంది! షెల్ స్క్రిప్ట్ కూడా బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అంటోంది.
- ఓ విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: ఫైల్ పేరు, కోడ్‌లో రాసిన పేరు అక్షరం అక్షరం పోల్చి చూడమ్మా. ఒకచోట పెద్ద ఎస్, ఇంకోచోట చిన్న ఎస్ ఉండి ఉంటుంది. విండోస్ దాన్ని పట్టించుకోదు, లినక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. స్క్రిప్ట్ సంగతి లైన్ చివర్ల గొడవ. విండోస్ ఎడిటర్ ప్రతి లైన్ చివర కంటికి కనిపించని క్యారేజ్ రిటర్న్ ఒకటి అదనంగా పెడుతుంది. డాస్2యునిక్స్ కమాండ్ ఒక్కసారి నడిపితే పోతుంది.

ల్యాబ్‌కు వెళ్లకముందే నీ ల్యాప్‌టాప్‌లోనే డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) కంపైల్ చేసి చూసుకోవచ్చు. కోడ్‌ను సీ డ్రైవ్‌లో ఉంచితే అక్షరాల తేడా దొరక్కపోవచ్చు. లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకో.

ప్రశ్న: వీబీ6లో (మైక్రోసాఫ్ట్ విజువల్ బేసిక్ 6) చేసిన సాఫ్ట్‌వేర్ ఉంది. సోర్స్ లేదు, ఈఎక్స్ఈ మాత్రమే. లినక్స్‌కు పోర్ట్ చేయొచ్చా?
- ఓ పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: సోర్స్ లేనిదే పోర్టింగ్ లేదు. చేసిస్తామని ఎవరైనా అడ్వాన్స్ అడిగితే ఇవ్వకండి. సోర్స్ ఉన్నా వీబీ6కు లినక్స్ కంపైలర్‌ను మైక్రోసాఫ్ట్ ఎప్పుడూ ఇవ్వలేదు కాబట్టి తిరగరాయడమే. విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపే వైన్‌లో నడుస్తుందేమో చూడండి, డబ్బు ఖర్చు లేదు. డేటా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ (ఎండీబీ) ఫైల్లో ఉంటే లినక్స్‌లోని ఎండీబీటూల్స్‌తో పట్టికలన్నీ సీఎస్‌వీగా బయటకు తీయొచ్చు. వైన్ జోలికి వెళ్లేముందే ఆ పని కానిచ్చేయండి.