లెంటీవైరస్ నీకెందుకమ్మా?

శ్రీకాకుళం

చి. అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

కణాల్లోకి జన్యువు పంపడానికి పేపర్లలో అందరూ లెంటీవైరసే (జన్యువును మోసుకెళ్లి కణం క్రోమోజోములో కలిపేసే వైరస్) వాడారు, నేనూ అదే వాడతానని రాశావు. నువ్వు పంపిన పేపర్లు మళ్లీ తీసి చూడు. వాళ్లు పనిచేసింది నాడీకణాల మీద. అవి విభజన చెందవు, డీఎన్‌ఏని కొవ్వులో చుట్టి పంపే లిపిడ్ పద్ధతికి ఓ పట్టాన లొంగవు. నీ దగ్గరున్నవి హెచ్‌ఈకే 293 కణాలు, ల్యాబులో పెంచే మనిషి మూత్రపిండ కణాలు. డీఎన్‌ఏ ఎక్కించడానికి అంతకంటే తేలికైనవి దొరకవు. వాటికి పీఈఐ (డీఎన్‌ఏకి అంటుకుని దాన్ని కణంలోకి చేర్చే పాలిమర్) చాలు, చవక కూడా.

మన ఏజెన్సీలో సికిల్ సెల్ జబ్బు సంగతి నీకు తెలుసు కదా. దానికి అమెరికాలో 2023 డిసెంబరు 8న, ఒకేరోజు, రెండు జన్యు చికిత్సలకు అనుమతి వచ్చింది. రెండింటిలోనూ రోగి రక్త మూలకణాలను బయటకు తీసి, మార్చి, తిరిగి ఎక్కిస్తారు. సరుకు లోపలికి పంపే పద్ధతి మాత్రం వేరు. మొదటిదైన లైఫ్‌జీనియాలో లెంటీవైరస్ వాడారు. కొత్త బీటా గ్లోబిన్ జన్యువు క్రోమోజోములో స్థిరపడి, ఆ కణం నుంచి పుట్టే ప్రతి కణానికీ అందాలి కాబట్టి. రెండోదైన క్యాస్‌జెవీలో క్రిస్పర్ అనే జన్యు కత్తెర పని ఒక్క కోతతో సరి. ఆ తర్వాత కోత కోసే ప్రోటీన్ క్యాస్9 లోపలే ఉండిపోతే అక్కర్లేని చోట కూడా కోయొచ్చు. అందుకని కణాలకు క్షణకాలం కరెంటు పల్స్ ఇచ్చి, పొరలో సందులు తెరుచుకోగానే కోయాల్సిన చోటు చూపించే గైడ్ ఆర్‌ఎన్‌ఏతో కలిపిన క్యాస్9 ప్రోటీన్‌నే పంపుతారు. అది కొద్దికాలానికే పోతుంది. జబ్బు ఒకటే, కణాలూ అవే. ఎంతకాలం ఉండాలి అన్నదే తేడా.

నీకు ప్రోటీన్ రెండు మూడు రోజులు కనబడితే చాలన్నావు. మరి వైరస్ తయారీ, దానికి కావాల్సిన బీఎస్‌ఎల్-2 భద్రత గది, ఆ టెన్షనంతా దేనికి?

నీ ఫ్రెండ్ ఏఏవీ అనే చిన్న వైరస్‌లో క్యాస్9 పెడతానంటోందిగా, ముందు సైజు లెక్క చూసుకోమను. ఏఏవీలో పట్టేది దాదాపు 4.7 కిలోబేసులు (వేల డీఎన్‌ఏ అక్షరాలు). మామూలు క్యాస్9 జన్యువే 4.1. ఇక జన్యువును ఆన్ చేసే ప్రమోటరు, గైడు ఎక్కడ సర్దుతుంది?

కాల్షియం ఫాస్ఫేట్‌తో డీఎన్‌ఏ ఎక్కించడం ఇంకా చవకే. 1973 నాటి పద్ధతి, పనిచేస్తుంది కూడా. కానీ బఫర్ పీహెచ్ కాస్త జరిగినా ఫలితం పాడవుతుంది. కొత్తగా మొదలుపెట్టే వాళ్లకి నేను చెప్పను.

పీఈఐకి, డీఎన్‌ఏకి నిష్పత్తి నువ్వే తేల్చుకోవాలి, వేరే ల్యాబు అంకె నీ కణాలకు సరిపోకపోవచ్చు. కణాలు ప్లేటులో 70–80 శాతం పరుచుకున్నాక మొదలుపెట్టు. ప్లేటులో ఒక బావిలో (గుంటలో) పచ్చగా వెలిగే ప్రోటీన్ తయారుచేయించే జీఎఫ్‌పీ ప్లాస్మిడ్ (గుండ్రటి డీఎన్‌ఏ), ఇంకో బావిలో డీఎన్‌ఏ లేకుండా ఉత్త పీఈఐ పెట్టు. రెండోదాంట్లో కణాలు చస్తుంటే తప్పు నీ జన్యువుది కాదు, మోతాదుది. అసలేమీ వెలగకపోతే పద్ధతి మార్చేముందు కణాలకు పట్టే మైకోప్లాస్మా బ్యాక్టీరియా ఉందేమో పరీక్ష చేయించు.

మీ సార్ లిపిడ్ కిట్టే కొందామంటే సరే. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. శుక్రవారం మాత్రం పంపించొద్దని ముందే చెప్పండి, లేకపోతే ఆదివారం దాకా కొరియర్ ఆఫీసులో ఎండకి ఉడుకుతుంది.

మీ మావయ్య