హెడ్‌రెస్ట్ మార్చుకోండి, తిప్పి మాత్రం పెట్టకండి

ప్రశ్న: మాది గుంటూరు. నేను టీచర్ని. ఎనిమిది నెలల క్రితం కొత్త కారు తీసుకున్నాం. రోజూ పొన్నూరు దాకా నేనే నడుపుకుంటూ వెళ్తాను. డ్రైవర్ సీటు హెడ్‌రెస్ట్ బాగా ముందుకు వంగి ఉండటంతో తలను ఎవరో వెనక నుంచి నెడుతున్నట్టు ఉంటుంది. స్కూలు చేరేసరికి మెడ పట్టేస్తోంది. మావారు దాన్ని తీసి వెనక్కి తిప్పి పెట్టారు. ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అని ఉంటే ఆన్‌లైన్‌లో 2,400 రూపాయలు పెట్టి వేరేది తెప్పించాను. అది ఊగుతోంది. వెనక్కి తీసుకోమంటే ‘వాడేశారు కదా’ అంటున్నారు. బయటిది వేస్తే వారంటీ మొత్తం పోతుందని షోరూమ్‌వాళ్లు, ఆర్టీఓ జరిమానా వేస్తారని తెలిసినవాళ్లు చెబుతుంటే టెన్షన్‌గా ఉంది. కంపెనీయే మార్చి ఇవ్వాలని కేసు వేయవచ్చా?

జవాబు: అమ్మా, మిగతా జవాబు తర్వాత చదువుకుందురు గానీ ముందు కారు దగ్గరికి వెళ్లి, తిప్పి పెట్టిన హెడ్‌రెస్ట్‌ను మామూలుగా పెట్టించండి. అది తల వాల్చుకునే దిండు కాదు. వెనక నుంచి ఇంకో బండి గుద్దినప్పుడు సీటు మన వీపును ముందుకు తోస్తుంది, తల మాత్రం వెనకే ఉండిపోతుంది. ఆ క్షణంలో మెడ వెనక్కి విరుచుకుపోకుండా ఆపేది అదే. తిప్పి పెడితే తలకూ దానికీ మధ్య ఖాళీ పెరిగిపోతుంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో మెడ గాయాల కేసులు నడిపాను. బోనులో నిలబడి, ప్రశ్న వేసిన లాయరు వైపు తల తిప్పలేక మనిషంతా తిరిగి జవాబు చెప్పేవాళ్లను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఆర్టీఓ భయం. బండిలో మార్పుల గురించి చెప్పేది 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52. ‘మార్పు’ అంటే ఏమిటో ఆ సెక్షన్ కింద వివరణలోనే ఉంది: బండి నిర్మాణం మారి, దాని మౌలిక లక్షణమే మారిపోవాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ మీద కఠినంగానే తీర్పు ఇచ్చింది. కానీ అది తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చడం గురించి. అదే ఏడాది చట్టానికి చేర్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మీకు ఎవరో చెప్పిన జరిమానా ఇదే అయివుంటుంది. మీ ఆర్‌సీ తీసి చూడండి. బండి రకం, ఇంధనం, రంగు, సీట్ల సంఖ్య ఉంటాయి, హెడ్‌రెస్ట్ ఊసే ఉండదు. తీసి పెట్టుకునే హెడ్‌రెస్ట్ స్థానంలో, అదే రంధ్రాల్లో, అదే పని చేసే ఇంకోటి పెట్టుకోవడం నా ఉద్దేశంలో ఈ సెక్షన్ కిందికి రాదు. సీటును కోసి, వెల్డింగ్ పెట్టి బిగిస్తే మాత్రం ఈ మాట చెప్పలేను. హెడ్‌రెస్ట్‌ను పూర్తిగా తీసేసి తిరగడం కూడా వద్దు. రేపు ప్రమాదం జరిగి పరిహారం అడిగితే, ‘హెడ్‌రెస్ట్ ఉంటే మెడకు ఇంత దెబ్బ తగిలేదా’ అని అవతలి లాయరు తప్పకుండా అడుగుతాడు.

వారంటీ విషయంలో షోరూమ్‌వాళ్లను ఒక్కటే అడగండి: ‘ఆ మాట కాగితం మీద రాసివ్వండి.’ వారంటీ అనేది ఒప్పందం. పుస్తకంలో ఏం రాసి ఉందో అదే లెక్క. బయటి భాగం వల్ల సీటు పాడైతే దానికి కంపెనీ పూచీ ఉండకపోవచ్చు. అంతమాత్రాన ‘ఇంజిన్‌కు కూడా వారంటీ ఇవ్వం’ అంటే అది న్యాయం కాదు, అలా అంటే వినియోగదారుల కమిషన్‌లో ప్రశ్నించవచ్చు. విడిభాగాలు బయట మార్కెట్లో దొరకనివ్వకుండా చేస్తున్నారని, మార్కెట్లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అది తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. అయినా, షోరూమ్‌లో నోటితో చెప్పే ప్రతి మాటా చట్టం కాదని మీకు తెలియాలని చెబుతున్నాను.

కంపెనీ మీద కేసు మాత్రం నేను వేయమనను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ‘లోపం’ అంటే చట్టమో ఒప్పందమో అడిగే ప్రమాణం, లేదా అమ్మినవారు చెప్పుకున్న ప్రమాణం వస్తువులో లేకపోవడం. హెడ్‌రెస్ట్ తలకు దగ్గరగా ఉండాలనే ముందుకు వంచి తయారు చేస్తారు. మీ మెడకు పడకపోవడం నిజమైన బాధే, కానీ దాన్ని లోపంగా నిరూపించడం కష్టం. లాక్ పడకపోయినా, వంపు సర్దుకోవచ్చని చెప్పి అమ్మిన కారులో ఆ సౌకర్యం లేకపోయినా సంగతి వేరు.

మీ బలమంతా ఆ 2,400 రూపాయల వస్తువు దగ్గరుంది. హెడ్‌రెస్ట్ కింద రెండు స్టీలు కడ్డీలుంటాయి. వాటి మందం, మధ్య దూరం ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటాయి. కడ్డీ మీద గాట్లుంటాయి. కిందికి దించుతుంటే గాటు దగ్గర ‘టక్’మని పడి, బటన్ నొక్కితే తప్ప కదలకూడదు. మీది ఊగుతోందంటే ఆ గాటు పట్టుకోలేదన్నమాట. అది ఊగుతుండగా ఫోన్‌లో వీడియో తీయండి. ‘అన్ని కార్లకూ’ అని రాసిన పేజీని వాళ్లు మార్చేయకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. వస్తువును డబ్బాతో సహా దాచండి.

తర్వాత ఆ వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టమే అంటోంది. బిగించి చూడందే సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది? కాబట్టి ‘వాడేశారు’ అన్న సాకు నిలబడదు.

అప్పటికీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆ తర్వాత గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. అమ్మినవారు ఏ ఊళ్లో ఉన్నా సరే, మీరు నివసించే చోట వేసుకునే హక్కు ఉంది. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

మరి మెడ సంగతి? కొత్తది కొనేముందు సీటు వీపును కాస్త వెనక్కి వాల్చి చూడండి. సీటు మరీ నిటారుగా ఉన్నప్పుడే హెడ్‌రెస్ట్ తలను ఎక్కువగా నెడుతుంది. ఎత్తు తల పైభాగం దాకా వచ్చేలా పెట్టండి. వారం చూశాక కూడా నొప్పి తగ్గకపోతే, మీ మోడల్‌లోనే వేరే వేరియంట్‌కు వచ్చే కంపెనీ హెడ్‌రెస్ట్ మీ సీటుకు పడుతుందేమో స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో అడగండి. అక్కడ లేదంటే విజయవాడ ఆటోనగర్‌లో చూడండి, కానీ కారు తీసుకెళ్లి, అక్కడే బిగించి, గట్టిగా లాగి చూసుకున్నాకే డబ్బివ్వండి. బిల్లు మీద మీ కారు మోడల్ రాయించుకోండి. పాత హెడ్‌రెస్ట్‌ను అటకమీద భద్రంగా ఉంచండి, కారు అమ్మేటప్పుడు కావాలి.